నిప్పురవ్వకు చోటెక్కడ? విమానపు ఇంజనులో కాయిలు చరిత్ర

పెట్రోలు ఇంజను నడవటానికి నాలుగు కావాలి. ఇంధనం, గాలి, ఆ రెంటి మిశ్రమాన్ని అదిమిపట్టే ఒత్తిడి, సరియైన క్షణంలో ఒక నిప్పురవ్వ. మొదటి మూడూ ఎంత సమృద్ధిగా ఉన్నా, నాలుగోది లేకపోతే ఇంజను వట్టి ఇనుపముద్ద. మోటారుకారులో రవ్వ ఆగిపోతే బండి రోడ్డుపక్కన నిలుస్తుంది. డ్రైవరు దిగి, మూత ఎత్తి చూస్తాడు. ఆకాశంలో రోడ్డుపక్క అనేది లేదు. అందువల్ల విమానపు ఇంజను చరిత్రలో ఈ చిన్న రవ్వకు పెద్ద స్థానం ఉన్నది.

ఆ రవ్వను పుట్టించే సాధనం కాయిలు. ఇనుప కడ్డీ మీద రాగితీగ చుట్టిన దిమ్మ ఇది. కారు మెకానిక్కులందరికీ పరిచయమైనదే. తన ఇంటి కొట్టంలో స్వంతంగా విమానం తయారుచేసుకొనే అభిరుచిగల వ్యక్తికి పని చివరిలో ఒక ప్రశ్న ఎదురౌతుంది: ఈ కాయిలును ఎక్కడ బిగించాలి? ఇంజను మీదనా? ఇంజను వెనుక గోడకా? సిలిండరు నెత్తినా? చూడటానికి ఇది రెండు మరలు బిగించే పని. కాని విమానం పుట్టిననాటినుండి ఈ ప్రశ్న ఉన్నది. కాలానికొక సమాధానం వచ్చింది. ఆ సమాధానాలను వరుసగా పరిశీలిస్తే విద్యుత్తు, వాయుపీడనం, లోహాల స్వభావం అన్నీ మనకు పాఠాలు చెబుతాయి.

తీగచుట్టలో దాగిన శక్తి

1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండువైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానిని బాటరీకి, రెండవదానిని ప్రవాహాన్ని సూచించే సూదికి కలిపాడు. మొదటి చుట్టలో విద్యుత్తు నిలకడగా పారుతున్నంతసేపు సూది కదలలేదు. ప్రవాహాన్ని కలిపిన క్షణంలో ఒకసారి, తెంచిన క్షణంలో మరొకసారి మాత్రమే అది ఉలిక్కిపడినట్లు కదిలింది. అయస్కాంతక్షేత్రం ఉండటం కాదు, మారటం ముఖ్యమన్నమాట. దీనినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు.

1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాల ఆచార్యుడు నికొలస్ కాలన్ ఈ సూత్రంతో ప్రేరణచుట్ట నిర్మించాడు. లావుతీగ కొద్దిచుట్లు, దానిపై సన్నతీగ అనేకచుట్లు. లావుతీగది ప్రాథమికచుట్ట, సన్నతీగది గౌణచుట్ట. ప్రాథమికచుట్టలో ప్రవాహాన్ని తటాలున తెంచితే అయస్కాంతక్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. గౌణచుట్ట కొనలవద్ద వేల వోల్టులు పుడతాయి. 1851లో పారిస్‌లో ఉన్న చేయితిరిగిన జర్మన్ పనివాడు, హైన్రిఖ్ రుంకార్ఫ్, దీనిని చక్కగా మెరుగుపరిచాడు. 1864లో ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 50,000 ఫ్రాంకుల వోల్టా బహుమతి ఇచ్చింది. 1860లో ఎతియెన్ లెన్వార్ పారిస్‌లోనే నిర్మించిన గ్యాసు ఇంజనులో మిశ్రమాన్ని మండించింది రుంకార్ఫ్ చుట్ట పుట్టించిన రవ్వయే.

నేటి కాయిలులోని లెక్క కూడా ఇదే. బాటరీ 12 వోల్టులది. ప్రాథమికచుట్టలో ప్రవాహం తెగిన క్షణంలో ఆ చుట్టలోనే రెండుమూడు వందల వోల్టులు లేస్తాయి. గౌణచుట్టలో చుట్లు దాదాపు నూరురెట్లు ఉంటాయి కనుక అక్కడ ఇరవైవేలు, ముప్పైవేల వోల్టులదాకా పుడతాయి. సాధారణ గాలిలో ఒక మిల్లీమీటరు సందును రవ్వ దూకటానికి సుమారు 3,000 వోల్టులు చాలు. కాని సిలిండరులో గాలి అదిమిపెట్టబడి ఉంటుంది. దట్టమైన గాలిలో రవ్వ దూకటం కష్టం. అందుకే అంత ఎక్కువ వోల్టేజి కావలసివస్తుంది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. ముందుముందు దీనితో పని ఉన్నది.

తరగతిలో విద్యుత్ గంట ఉన్నట్లయితే ఉపాధ్యాయులు దానిని మోగించి, తాకుడుబిందువు వద్ద కనిపించే చిన్న నీలిరవ్వను పిల్లలకు చూపవచ్చు. వెలుగు తక్కువగా ఉన్న గదిలో అది బాగా కనబడుతుంది. ప్రవాహం తెగినప్పుడు చుట్టలో దాగిన శక్తి ఊరకే పోదని ఆ రవ్వ సాక్ష్యం చెబుతుంది.

నేలమీద విడిచిన కాయిలు

మొదటి విమానపు ఇంజను కూడా ఒకరకంగా ఇంట్లో తయారైన ఇంజనే. అమెరికాలోని డేటన్ నగరంలో రైటు సోదరులకు సైకిళ్ళ దుకాణం ఉండేది. విమానానికి తగినంత తేలికైన ఇంజను ఎవరూ అమ్మకపోవటంతో, దుకాణంలోని మెకానిక్కు చార్లెస్ టైలర్ చేత తామే చేయించుకొన్నారు. అతని దగ్గర ఉన్నవి ఒక లేతు, ఒక బెజ్జాలుపెట్టే యంత్రం, సామాన్యమైన పనిముట్లు. దళసరి ఉక్కుపలకను తొలిచి తొలిచి 19 పౌనుల క్రాంకుషాఫ్టు తీశాడు. ఇంజను దేహాన్ని అల్యూమినియంతో పోతపోయించారు. 1903 ఫిబ్రవరి 12న ఇంజను మొదటిసారి నడిచింది. మరునాడే బేరింగులు పట్టివేసి, దేహం పగిలింది. ఏప్రిల్‌లో కొత్త పోత వచ్చినదాకా ఆగవలసివచ్చింది.

ఆ నాలుగు సిలిండరుల ఇంజనులో నేడు మనకు తెలిసిన స్పార్కు ప్లగ్గులు లేవు. ప్రతి సిలిండరు లోపల రెండు లోహపు మొనలు ఒకదానినొకటి తాకి ఉండేవి. వాటిగుండా తక్కువ వోల్టేజి ప్రవాహం పారుతుండేది. సరియైన సమయానికి ఒక కామ్ వచ్చి మొనలను విడదీసేది. విద్యుత్ గంటలో వలెనే, విడిపోయే ఆ మొనల మధ్య రవ్వ పుట్టేది. ప్రవాహాన్ని కలిపి తెంచే ఈ పద్ధతిలో వేల వోల్టుల బెడద లేదు. కాని కదిలే మొనలు మండే సిలిండరు లోపలనే పనిచేయాలి.

ఆ ప్రవాహానికి ఆధారమేమి? బాటరీ, కాయిలు అయితే బరువు. 12 అశ్వశక్తుల ఇంజనుతో గాలిలోకి లేవాలని చూసేవారికి ప్రతి పౌనూ లెక్కే. రైటు సోదరులు ఇక్కడ చక్కని యుక్తి పన్నారు. ఇంజనును మొదలుపెట్టటానికి మాత్రం డ్రైసెల్సు, కాయిలు వాడారు. ఇంజను అందుకొనగానే ఫ్లైవీలు అంచును ఒరుసుకొని తిరిగే చిన్న మాగ్నెటోకు ప్రవాహాన్ని మార్చారు. అందుకు ఉపయోగించిన స్విచ్చి ఇనుపసామాను దుకాణంలో కొన్న మామూలు కత్తి స్విచ్చి. ఆ తరువాత బాటరీని, కాయిలును తీసి నేలమీదనే విడిచిపెట్టారు.

1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గరి ఇసుకనేలపై విమానం మొదటిసారి 12 సెకన్లు ఎగిరింది. అదేనాటి నాలుగవ ప్రయత్నంలో 59 సెకన్లలో 852 అడుగులు పోయింది. కాయిలును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు చరిత్రలో మొదటి సమాధానం ఇది: అసలు విమానంలోనే ఉంచవద్దు!

బాటరీ అక్కరలేని రవ్వ

పొలంలో మందు చల్లే పెట్రోలు స్ప్రేయరును చాలామంది చూసి ఉంటారు. రైతు తాడు లాగుతాడు, ఇంజను అందుకొంటుంది. దానిలో బాటరీ ఉండదు. తిరిగే చక్రానికి అమర్చిన అయస్కాంతం కదలని తీగచుట్ట ముందునుంచి పోతున్నప్పుడల్లా చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇదే మాగ్నెటో. తన ప్రవాహాన్ని తానే పుట్టించుకొనే కాయిలు అనవచ్చు.

స్టుట్‌గార్టులో రాబర్ట్ బాష్ కర్మశాల 1887 నుండి తక్కువ వోల్టేజి మాగ్నెటోలు తయారుచేస్తుండేది. అక్కడి ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ 1901-02లో ఒకే ఇరుసు మీద రెండు చుట్టలూ చుట్టి, మాగ్నెటోలోనే వేల వోల్టులు పుట్టించగలిగాడు. ఇక సిలిండరు లోపల కదిలే మొనలతో పనిలేదు. కదలిక లేని స్పార్కు ప్లగ్గు చాలు. రైటు సోదరులు కూడా తరువాత తయారుచేసిన నిలువు ఇంజనులో పాత పద్ధతి విడిచి, ఈ హైటెన్షన్ మాగ్నెటోకూ ప్లగ్గులకూ మారారు.

మాగ్నెటోకు మరొక గొప్ప సుగుణం ఉన్నది. దానిని ఆపాలంటే ప్రాథమికచుట్టను స్విచ్చి ద్వారా ఇంజను దేహానికి, అనగా భూమికి, కలపాలి. దారిలో స్విచ్చితీగ తెగిపోతే ఏమౌతుంది? మాగ్నెటో ఆగదు, రవ్వ ఇస్తూనే ఉంటుంది. బాటరీ, కాయిలు పద్ధతిలో దీనికి విరుద్ధం. అక్కడ తీగ తెగితే రవ్వ చస్తుంది. గాలిలో ఉన్నవానికి మొదటి స్వభావమే శ్రేయస్కరం. నేలమీద మాత్రం అదే ప్రమాదకరం. స్విచ్చి ఆపినా తీగ తెగిఉన్న ఇంజను ప్రొపెల్లరును చేతితో త్రిప్పితే హఠాత్తుగా అందుకోవచ్చు. అందుకనే ఆగి ఉన్న ప్రొపెల్లరును కూడా నడుస్తున్నదానివలెనే గౌరవించాలని విమానశాలల్లో నేర్పుతారు.

క్రమంగా ఒక సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఒక ఇంజనుకు రెండు మాగ్నెటోలు అనే ఆచారం స్థిరపడింది. 1927 మే 20, 21 తేదీలలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా న్యూయార్కునుండి పారిస్‌కు ఎగిరినప్పుడు, అతని తొమ్మిది సిలిండరుల రైట్ వర్ల్‌విండ్ ఇంజను రెండు మాగ్నెటోలతో 33 గంటలకు పైగా నిరంతరంగా నడిచింది.

కాయిలు మళ్ళీ విమానమెక్కింది

అయితే కాయిలు కథ ముగియలేదు. అదే డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు మోటారుకారుల కోసం బాటరీ, కాయిలు పద్ధతిని కొత్తగా రూపొందించాడు. 1910 నాటి కాడిలాక్ కారులలో అది వచ్చింది. అతని సంస్థ డెల్కో.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించినప్పుడు ఒక శక్తిమంతమైన విమానపు ఇంజను అవసరమైంది. జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇద్దరు ఇంజనీరులు వాషింగ్టన్‌లో ఒక హోటలు గదిలో కూర్చొని కొద్దిరోజులలో నమూనా గీశారు. అదే లిబర్టీ ఇంజను. పన్నెండు సిలిండరులు, 400 అశ్వశక్తులు. ఆరేసి సిలిండరుల రెండు వరుసల నడుమ కోణం 45 డిగ్రీలు. ఇరుకైన ముందుభాగంలో ఇమడటానికి ఈ కోణం మంచిది. కాని దీనివల్ల రవ్వల మధ్య వ్యవధి సమంగా ఉండదు. ఒకసారి 45 డిగ్రీలకు, తరువాత 75 డిగ్రీలకు, మళ్ళీ 45కు రవ్వ పడాలి.

మాగ్నెటోకు ఇది సరిపడదు. దాని అయస్కాంతం సమాన వ్యవధులలోనే బలమైన ప్రవాహాన్ని ఇస్తుంది. తాళం తప్పితే రవ్వ నీరసిస్తుంది. కాయిలుకు ఆ ఇబ్బంది లేదు. బాటరీ ఎల్లవేళలా సిద్ధంగా ఉంటుంది కనుక ఏ క్షణంలో తెంచితే ఆ క్షణంలో రవ్వ వస్తుంది. అందుచేత లిబర్టీకి డెల్కో పద్ధతి అమరింది. ఒక్కొక్క వరుస కామ్‌షాఫ్టు చివర ఒక డిస్ట్రిబ్యూటరు ఉండేది. రెండు డిస్ట్రిబ్యూటరులు వేరువేరు ప్లగ్గులకు రవ్వనిచ్చేవి. ఒకటి పోయినా రెండవదానితో పన్నెండు సిలిండరులూ నడుస్తాయి. విద్యుత్తుకు జనరేటరు, బాటరీ రెండూ ఉండేవి. 1919 మే నెలలో మజిలీలు చేసుకొంటూ అట్లాంటిక్ సముద్రాన్ని మొట్టమొదట దాటిన ఎన్‌సీ-4 విమానానికి ఉన్నవి నాలుగు లిబర్టీ ఇంజనులు. 1903లో నేలమీద మిగిలిపోయిన కాయిలు 1919లో సముద్రాన్ని దాటిందన్నమాట.

ఎత్తు తెచ్చిన చిక్కు

విమానాలు పైపైకి పోయినకొద్దీ కొత్త చిక్కు వచ్చింది. పది కిలోమీటరుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడవవంతు. పలుచని గాలిలో రవ్వ సులభంగా దూకుతుందని ఇంతకుముందే గ్రహించాము. సిలిండరు లోపల మాత్రం సూపర్‌చార్జరు గాలిని నొక్కిపెట్టి ఉంచుతుంది. అక్కడ రవ్వకు కావలసిన వోల్టేజి తగ్గదు. కనుక విద్యుత్తు దట్టమైన గాలి ఉన్న ప్లగ్గులో దూకటానికి మారుగా, బయట డిస్ట్రిబ్యూటరులోనో, తీగ చివరనో, పలుచని గాలిగుండా తప్పుదారి పట్టేది. గట్టు బలంగా ఉన్నచోట ఆగిన నీరు బలహీనమైన చోట గండికొట్టినట్లే. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఎత్తున ఎగిరే విమానాలకు ఇది నిజమైన బాధ అయింది.

దీనికి రెండు ఉపాయాలు చేశారు. ఒకటి, మాగ్నెటో పెట్టెలోకి గాలి పంపి, లోపల పీడనం పెంచటం. రెండవది మన కథకు ముఖ్యమైనది. వేల వోల్టులను దూరం పంపటం మాని, మాగ్నెటోనుండి కొద్ది వోల్టుల ప్రవాహాన్నే తీగలగుండా పంపారు. ప్రతి సిలిండరు దగ్గర చిన్న కాయిలును బిగించి, అక్కడికక్కడే దానిని వేల వోల్టులుగా మార్చారు. హైటెన్షన్ తీగ పొడవు మూరెడుకు తగ్గింది. 1950ల నాటి పెద్ద ప్రయాణవిమానాలలో పద్ధెనిమిది సిలిండరుల రైట్ టర్బో కాంపౌండ్ ఇంజనులలో ఈ పద్ధతి ఉండేది. సిలిండరుకు రెండు చొప్పున ముప్పైఆరు ప్లగ్గులు! నేటి కారులలో ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిలు కూర్చుండటం ఈ ఆలోచనకు దగ్గరి చుట్టమే.

ఇంటి విమానంలో

పెద్ద కంపెనీల కథ ఇట్లుండగా, స్వంతంగా విమానం చేసుకొనేవారి ధోరణి వేరు. వారికి విమానపు ఇంజను కొనే స్తోమత తక్కువ. దొరికిన కారు ఇంజనునో, మోటారుసైకిలు ఇంజనునో మలచుకొంటారు. అమెరికాలో మిన్నసోటా రాష్ట్రపు చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డు మోడల్ ఏ కారు ఇంజనుతో విమానం ఎగురవేశాడు. కారు ఇంజనులు విమానానికి పనికిరావని ఒక పత్రిక సంపాదకుడు నమ్మగా, 1930లో రెండు విమానాలను ఆయన ఊరికి తీసుకొనివెళ్ళి చూపించారు. 1932లో ఆ విమానపు నమూనాలు అచ్చయి, ఎందరికో దారిచూపాయి. కారులో ఉన్న బాటరీ, కాయిలు ఏర్పాటును తొలగించి, పీటెన్‌పోల్ మాగ్నెటోను బిగించాడు. ఫ్రాన్సులో హెన్రీ మీన్యే 1930లలోనే సామాన్యులు చేసుకోగల చిన్నవిమానాన్ని ప్రచారం చేశాడు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో స్థాపించిన సంఘం ఇట్టి అభిరుచిగలవారందరికీ కూడలి అయింది.

ఫోక్స్‌వాగన్, కార్వేర్ వంటి కారు ఇంజనులు ఇంటి విమానాలలోకి వచ్చినకొద్దీ కాయిలులు కూడా వెంటవచ్చాయి. ట్రాన్సిస్టరుల యుగంలో తాకుడుబిందువుల స్థానే ఎలక్ట్రానిక్ స్విచ్చి వచ్చింది. ఒకే కాయిలు రెండుకొనలనుండి ఒకేసారి రెండు సిలిండరులకు రవ్వనిచ్చే రకం కూడా వాడుకలోకి వచ్చింది. ఒక సిలిండరు మిశ్రమాన్ని అదిమే వేళకు రెండవది పొగను వెళ్ళగొడుతూ ఉంటుంది. అక్కడ పడిన రవ్వ వృథా, కాని హానిలేదు. ఈవిధంగా నాలుగు సిలిండరులకు ఒక వరుసకు రెండు కాయిలులు, రెండు వరుసలకు నాలుగు. ఈ నాలుగింటినీ ఎక్కడ బిగించాలి?

వేడి, అదురు, దూరం

కాయిలుకు శత్రువులు మూడు.

మొదటిది వేడి. రాగి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని నిరోధం నూటికి దాదాపు 0.39 వంతు పెరుగుతుంది. 20 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు పోతే పెరుగుదల సుమారు 31 శాతం. పాత పద్ధతి కాయిలులో ప్రవాహం ఆమేరకు తగ్గి, దాదాపు మూడువంతులకు, అనగా నాలుగింట మూడుకు దిగుతుంది. చుట్టలో నిలువచేయబడే శక్తి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక రవ్వ బలం సగానికి కొద్దిగా పైన నిలుస్తుంది. ఇక తీగల నడుమ ఉన్న బంధకపదార్థపు ఆయుర్దాయం పది డిగ్రీల వేడికి సగం చొప్పున తగ్గుతుందని ఇంజనీరులు స్థూలంగా లెక్కవేస్తారు. పొగగొట్టాల దగ్గర కాయిలు పెట్టరాదని దీనివల్లనే చెబుతారు. మరొక విచిత్రం: ఇంజను నడిచేటప్పుడు కంటె ఆపిన తరువాత కాయిలు ఎక్కువ వేడెక్కవచ్చు. నడిచేటప్పుడు చల్లగాలి తగులుతుంది. ఆపగానే గాలి ఆగుతుంది, సిలిండరుల వేడి పైకి లేస్తుంది. ఇంజను నెత్తిన కూర్చున్న కాయిలు ఆ సెగలో ఉడుకుతుంది.

రెండవది అదురు. నాలుగు సిలిండరుల ఇంజను నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే, చుట్టుకు రెండు చొప్పున నిమిషానికి 5,400 పేలుళ్ళు, సెకనుకు 90, గంటకు 3,24,000. ప్రతి పేలుడుకూ కాయిలును మోసే బ్రాకెట్టు ఒకసారి వంగి లేస్తుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిగా కలిసేటట్లు తోస్తే చిన్న తోపుడుకే ఎంత ఎత్తుకు లేస్తుందో పిల్లలకు తెలుసు. బ్రాకెట్టు సహజ కంపనసంఖ్య ఇంజను అదురుతో కలిస్తే అదే జరుగుతుంది. అల్యూమినియం రేకు ఎంత చిన్న వంపునకైనా లక్షల పర్యాయాలలో అలసి బీటవారవచ్చు. ఒక కొన పట్టుకొని గాలిలోకి చాచిన రేకుమీద బరువైన కాయిలు ఉంచటం అందువల్ల మంచిది కాదు. పొట్టిగా, త్రిభుజాకారపు ఆనుదలతో ఉన్న బ్రాకెట్టు మేలు.

మూడవది దూరం. ఇంజను వెనుక, పైలటు కాళ్ళకు ముందు, మంటలను ఆపే ఉక్కురేకు గోడ ఉంటుంది. దానిని ఫైర్‌వాల్ అంటారు. ఇంజనును రబ్బరు దిమ్మల మీద నిలుపుతారు కనుక ఆ గోడకు అదురు తక్కువ, వేడీ తక్కువ. కాయిలుకు సుఖమైన చోటు. కాని అక్కడనుండి ముందు సిలిండరులదాకా హైటెన్షన్ తీగలు పొడవుగా పోవాలి. ఇంజను ఊగుతుంది, గోడ ఊగదు. నడుమ తీగకు వదులు ఉంచకపోతే తెగుతుంది. ఎక్కువ వదులు ఉంచితే వేడిగొట్టానికి ఒరుసుకొంటుంది. పైగా పొడవైన ఆ తీగ రేడియో ఏరియల్ వలె పనిచేస్తుంది. 1887-88లో హైన్రిఖ్ హెర్ట్జ్ రేడియోతరంగాలను మొదట పుట్టించింది ప్రేరణచుట్ట రవ్వతోనే కదా! అదే తరంగం ఇక్కడ పైలటు చెవిలో రొదగా వినిపిస్తుంది. రొదను ఆపటానికి తీగపై లోహపు వల తొడిగితే, తీగా వలా కలిసి ఒక కండెన్సరుగా మారి రవ్వ శక్తిలో కొంత మింగుతాయి. తీగ ఎంత పొడవైతే అంత నష్టం.

మరొక్క సంగతి చాలామందికి తట్టదు. ప్లగ్గుకు పోయిన విద్యుత్తు తిరిగి కాయిలుకు రావాలి. రబ్బరు దిమ్మలు విద్యుత్తును పోనీయవు. ఇంజనుకూ గోడకూ నడుమ లావైన రాగిపట్టీ వేయకపోతే, ఆ ప్రవాహం థ్రాటిల్ తీగగుండానో మరొక దారినో వెళ్ళటానికి ప్రయత్నిస్తుంది. దారి చూపని నీరు ఇంట్లోకే వస్తుంది.

ఈ మూడు శత్రువులనూ పూర్తిగా జయించే చోటు విమానంలో లేదు. ఇంజను మీద దూరం తక్కువ, వేడి, అదురు ఎక్కువ. గోడమీద వేడి, అదురు తక్కువ, దూరం ఎక్కువ. కొందరు గోడను ఎన్నుకొన్నారు. కొందరు ఇంజను మీదనే పెట్టి చిన్న గొట్టంద్వారా చల్లగాలి తగిలేటట్లు చేశారు. ఏది ఎన్నుకొన్నా, దాని బాధకు మందు కూడా వెంటనే వేయాలి.

రెండెద్దులు, ఒక కాడి

ఇన్ని మాటలలో మిక్కిలి ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. రెండు మాగ్నెటోల ఆచారాన్ని అనుసరించి, ఇంటి విమానంలో కూడా రెండు జ్వలనవ్యవస్థలు పెడతారు. కాయిలులు రెండు, ప్లగ్గులు రెండు. అంతమాత్రాన అవి నిజంగా రెండేనా?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కొక్క వ్యవస్థ వెయ్యి ప్రయాణాలకు ఒకసారి చెడుతుందని అనుకుందాం. రెండూ పరస్పర సంబంధం లేనివైతే, ఒకే ప్రయాణంలో రెండూ చెడే అవకాశం పదిలక్షలలో ఒకటి. కాని రెండు కాయిలులనూ ఒకే బ్రాకెట్టుకు బిగించామనుకోండి. ఆ బ్రాకెట్టు వెయ్యింట ఒకసారి విరిగితే, రెండు రవ్వలూ వెయ్యింట ఒకసారి పోతాయి. పదిలక్షల భద్రత వెయ్యికి దిగింది! రెండింటికీ విద్యుత్తు ఒకే తీగనుండి వచ్చినా, ఒకే స్విచ్చిగుండా పోయినా, ఒకే రాగిపట్టీ మీద ఆధారపడినా ఇదే ఫలితం. బండికి రెండెద్దులున్నవి కదా అనుకొంటాము. కాడి ఒకటే అయినప్పుడు, అది విరిగితే రెండెద్దులూ నిలిచిపోతాయి.

రెండు మాగ్నెటోలలోని సుగుణం ఇప్పుడు స్పష్టమౌతుంది. దేని అయస్కాంతం దానిది, దేని చుట్ట దానిది, దేని తీగ దానిది. కాయిలును నమ్ముకొన్నవారు ఆ స్వతంత్రతను తమ చేతులతో కల్పించుకోవాలి. వేరు బ్రాకెట్టు, వేరు ఫ్యూజు, వేరు స్విచ్చి, వీలైతే వేరు బాటరీ. కొందరు ఒకవైపు మాగ్నెటోనే ఉంచి, రెండవవైపు మాత్రం ఎలక్ట్రానిక్ కాయిలు పెడతారు. రెండు వేరువేరు జాతుల సాధనాలు ఒకే కారణంవల్ల ఒకేసారి చెడటం అరుదు.

ఇట్టి ఇంజనులు గల విమానాల పైలట్లు నేలవిడిచే ముందు ఇంజను వేగం పెంచి, ఒకసారి మొదటి వ్యవస్థను, మరొకసారి రెండవదానిని ఆపి చూస్తారు. వేగం కొద్దిగా తగ్గాలి, ఇంజను ఆగరాదు. అసలు తగ్గకపోయినా అనుమానించవలసిందే. ఆగవలసిన మాగ్నెటో ఆగలేదేమో! కొద్ది సెకన్ల ఈ పరీక్షలో పైలటు తన రెండు రవ్వలనూ వేరువేరుగా పలకరిస్తాడు.

రైటు సోదరులు బరువు తగ్గించటానికి కాయిలును నేలమీద విడిచారు. లిబర్టీ నిర్మాతలు సమంగాలేని తాళానికి రవ్వ అందించటానికి దానిని తిరిగి ఎక్కించారు. ఎత్తున ఎగిరినవారు తప్పుదారి పట్టే విద్యుత్తును అరికట్టటానికి సిలిండరు పక్కకు చేర్చారు. ఇంటి విమానం చేసుకొనేవారు తమ కొలతలకు తగిన చోటు వెదుక్కొంటారు. ఒక్కొక్కరూ తమకు ఎదురైన బాధను సరిగా గుర్తించిన తరువాతనే మరను బిగించారు. భౌతికశాస్త్ర పుస్తకంలో ప్రేరణచుట్ట బొమ్మ చూసినప్పుడు విద్యార్థులు దాని చుట్లను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోరాదు. దానిని ఎక్కడ పెడితే వేడెక్కుతుంది, ఎక్కడ పెడితే అదురుతుంది, అది ఆగిపోతే దాని బదులు ఏది పనిచేస్తుంది అని కూడా ప్రశ్నించాలి. ఆ ప్రశ్నలకు సమాధానం వెదకటంతోనే ఇంజనీరు పని మొదలౌతుంది.